మౌనిక ఖాతా నుంచి నాలుగు సందేశాలు

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు మేము నానక్‌రామ్‌గూడలోని ఆ ఆఫీసులో అడుగుపెట్టేసరికి మౌనిక ఉద్యోగానికి ఇంకా రెండున్నర గంటల ఆయుష్షు ఉంది. మూడూ ఐదుకు డైరెక్టర్ల సమావేశం. ఆమెను తీసేస్తున్నట్టు కాగితం అప్పటికే టైపు చేసి పెట్టారు. సంతకం ఒక్కటే తక్కువ.

ఆ సంతకం చేయాల్సిన తేజస్వినే మమ్మల్ని పిలిపించింది. కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. సాక్ష్యమంతా ఆ అమ్మాయి మీదే ఉందని, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదని చెప్పింది. సమావేశం అసలు రెండింటికట. విచారణ జరిపిన సెక్యూరిటీ సలహాదారు ఆదర్శ్ ఇంకో గంట గడువడిగితే మూడు దాటాక పెట్టుకున్నారట.

నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు శ్రీనివాసులు, మాది అనంతపురం. ఇరవై రెండేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మేనేజర్ గిరీ వెలగబెట్టి, ఒకనాటి పొద్దున పదింటి మీటింగులో ఇక మీ సేవలు చాలనిపించుకుని, సీతాబాయి డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాను. సీతాబాయికి అరవై ఒకటి. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసింది. కంప్యూటర్ల సంగతి నేను చూస్తాను, మనుషుల సంగతి ఆమె చూస్తుందని బయట చెప్పుకుంటాం. నిజానికి రెండూ ఆమే చూస్తుంది, నేను కారు నడుపుతాను.

తేజస్విని చెప్పిన విషయం ఇది. వాళ్లది ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. నూట నలభై మంది ఉద్యోగుల్లో ముప్పాతిక వంతు ఇళ్ల నుంచే పని చేస్తారు. ఆదిలాబాద్‌లో ఒకరుంటే చిత్తూరులో ఒకరు. ఇంతమంది మాట్లాడుకోవడానికి, కలిసి పనిచేయడానికి ఒక మంచి సాధనం కొనాలనుకున్నారు. మూడింటిని ఎంచుకుని, అందరికీ ఖాతాలు తెరిచి, మూడు జట్లను ఆ మూడూ ఆరు వారాలు వాడి చూడమన్నారు. ఒకటి 'చావడి'. ఇందులో విషయానికో గది ఉంటుంది, ఎవరికి తోచింది వాళ్లు సందేశాలుగా రాసుకుంటారు. రెండోది 'వారధి', ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే వీడియో సాధనం. మూడోది 'పలక'. ఒకే పేజీ మీద అందరూ రాస్తారు, ఒకరి మాట కింద ఇంకొకరు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు.

ఈ మూడింటినీ పోల్చి నివేదిక రాసే బాధ్యత మౌనికది. ఆమెకు చిన్నప్పటి నుంచీ వినపడదు. మదీనాగూడలోని ఇంటి నుంచి పని చేస్తుంది. ముగ్గురు మనుషులు ఒక్కసారి మాట్లాడితే చాలు, ఆమెకు సమావేశం అయిపోయినట్టే. అందుకే ఈ పని ఆమెకే ఇచ్చారని తేజస్విని చెప్పింది, అందులో కొంచెం గర్వం కూడా వినిపించింది. పని మొదలుపెట్టే ముందు మౌనిక ఒక్కొక్కరికీ విడివిడిగా మాటిచ్చింది. మీకేమనిపిస్తే అది రాయండి, మీ పేరు మాత్రం నా దగ్గరే ఉంటుందని.

ఆ మాట నమ్మి వాళ్లు రాశారు. 'వారధి' గురించి కాస్త గట్టిగానే రాశారు. ఆ రాతలు నాలుగు సార్లు, పేర్లతో సహా, 'చావడి'లోని మౌనిక ఖాతా నుంచి 'వారధి' కంపెనీ వాళ్లకు వెళ్లాయి; 'చావడి'లోంచి బయటివాళ్లకూ పంపొచ్చు. ఆ కంపెనీ సేల్స్ వాళ్లు ఊరుకోలేదు, రాసినవాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసి మీ అభిప్రాయం మార్చుకోండని వెంటపడ్డారు. నిజామాబాద్‌లో ఉండే కళ్యాణికైతే ఒక్క రోజులో ఆరు సార్లు చేశారట. ఇంకేముంది, నమ్మినవాళ్లంతా మౌనిక మీద భగ్గుమన్నారు.

సీతాబాయి ముందుగా అడిగింది మౌనిక నివేదికను. నలభై పేజీలు. మామూలుగా ఇలాంటి నివేదికల్లో ఏ సాధనంలో ఎన్ని హంగులున్నాయో పట్టిక వేసి, టిక్కులు పెట్టి చేతులు దులుపుకుంటారు. నేనూ నా కాలంలో అలాంటివి ఓ అరడజను రాశాను. ఈ అమ్మాయి హంగుల జోలికే పోలేదు. మామూలు సమావేశాల్లో నోరు విప్పని వాళ్లెవరో ముందే రాసిపెట్టుకుని, ఏ సాధనంలో వాళ్లు నోరు విప్పారో లెక్క చూసింది. 'వారధి' సమావేశంలో పన్నెండు మంది కూర్చుంటే మాట్లాడింది ముగ్గురు. ఆసిఫాబాద్ నుంచి చేరే కుర్రాడి నెట్ తెగిపోయి అతను మాటిమాటికీ బయటపడిపోయాడు, వారం పాటు ఎవరూ గమనించలేదు. 'చావడి'లో ఎనిమిది మంది రాశారు, పాత మాట ఎక్కడుందో వెతికితే రెప్పపాటులో దొరికింది, కాకపోతే సంతలో నిలబడ్డట్టు ఒకటే గోల. 'పలక'లో పదకొండు మంది రాశారు. చంటిబిడ్డను పడుకోబెట్టి వచ్చిన తల్లి కూడా అందరికంటే వెనక వచ్చి, అందరికంటే మంచి మాట రాసి వెళ్లింది. రోజువారీ మాటలకు 'చావడి', నిర్ణయాలకు 'పలక' వాడండి, ముఖం చూసి తీరాల్సినప్పుడే వీడియో పెట్టుకోండి, అని మౌనిక తేల్చింది.

సీతాబాయి నలభై పేజీలూ చదివి కళ్లజోడు తీసింది.

"ముప్పై నాలుగేండ్లు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని కూసున్న సీనూ. నాకన్న ఎక్కువ ఈ పిల్ల విన్నది."

ఆమె నోటి వెంట పొగడ్త రావడం చాలా అరుదు. ఆరేళ్లలో నాకు రెండు దక్కాయి, అందులో ఒకటి పార్కింగ్ గురించి.

ఒకటీ ఇరవైకి ఆదర్శ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో లాప్‌టాప్. మాట మెత్తగా, మర్యాదగా ఉంటుంది, కానీ ఆ మర్యాదలోనే మనల్ని పక్కన కూర్చోబెట్టేస్తాడు. మమ్మల్ని చూసి తేజస్వినితో, రిపోర్టు పూర్తయ్యాక రెండో అభిప్రాయం దేనికండీ అన్నాడు. సీతాబాయి ఇంతకుముందు ఏం చేసేదో కనుక్కుని, ఎక్స్ఛేంజి అంటే తీగలు మార్చి గుచ్చడమే కదండీ, ఇప్పుడన్నీ గాల్లోనే అని చిన్నగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. సీతాబాయి మాత్రం నాలుగు సందేశాల సమయాలు చెప్పమంది.

అతను తెర మీద చూపించాడు. మొదటిది మంగళవారం సాయంత్రం నాలుగూ ముప్పై ఒకటికి. రెండోది ఆ మర్నాడు బుధవారం మధ్యాహ్నం ఒకటీ ముప్పై ఒకటికి. తర్వాతి వారం గురువారం మూడూ ఒకటికి, శుక్రవారం పన్నెండూ ఒకటికి. పట్టుబడకుండా ఉండాలని రోజుకో సమయం ఎంచుకుందని అతని వివరణ. నాలుగు సార్లూ మౌనిక పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది, అంటే ఆమె కంప్యూటర్ ముందే ఉంది.

"సెకండ్లు ఎన్ని?" అంది సీతాబాయి.

నాలుగింటికీ సున్నా సెకండ్లే. ముందే రాసిపెట్టి ఫలానా సమయానికి వెళ్లేలా పెట్టే ఏర్పాటు ఈ మూడింటిలో 'చావడి'లో ఒక్కదాంట్లోనే ఉంది, అది వాడి ఉంటుంది, అందులో వింతేముందండీ అన్నాడు ఆదర్శ్.

"మరి రాత్రి రెండింటికి ఆమె చుక్క ఏ రంగుల ఉండె?"

"రాత్రి రెండింటితో మనకేం పనండి?"

"జర చూడరాదు."

చూశాడు. పచ్చగానే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికీ పచ్చే. ఆరు వారాలుగా ఒక్క నిమిషం ఆరలేదు.

"ఈ పిల్ల నెలన్నర నుంచి నిద్ర పోలేదన్నమాట," అంది సీతాబాయి.

ఆదర్శ్ ముఖం కాస్త బిగిసింది. "మేడమ్, ఇది డేటా అండి. అనుమానాలతో, నమ్మకాలతో తేలే వ్యవహారం కాదు. మూడూ ఐదుకు నేను తీర్మానం చదువుతాను. మీరు అప్పటిదాకా కాఫీ తాగండి," అని లాప్‌టాప్ మూసి వెళ్లిపోయాడు. కాఫీ మాత్రం తాగాం, అది బాగుంది.

ఒకటీ యాభైకి మౌనికను ప్రశ్నించడానికి కూర్చున్నాం. వీడియోలో మాట్లాడితే మాటలు తెర కింద అక్షరాలై వస్తాయి, కానీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడితే ఆ అక్షరాలకు పిచ్చెక్కుతుందని నివేదికలోనే ఉంది. సీతాబాయి 'పలక' తెరవమంది. ఒకే పేజీ మీద ఇక్కడ ఈమె ఒంటివేలితో ఒక్కో అక్షరం కొడుతుంటే అక్కడ మదీనాగూడలో ఆ అమ్మాయి ఓపికగా చూస్తోంది. ఎన్నో విచారణలు చూశాను కానీ ఇంత నిశ్శబ్దంగా సాగింది ఇదొక్కటే.

ఆ నాలుగు సమయాల్లో ఎక్కడున్నావని సీతాబాయి అడిగింది. మూడు సార్లు ఇంట్లోనే అని రాసింది మౌనిక. బుధవారం ఒకటిన్నరకు మాత్రం షేర్ ఆటోలో ఉంది, సాక్ష్యం ఎవరూ లేరు. నీకెవరి మీదైనా అనుమానముందా అని సీతాబాయి అడిగింది. మౌనిక రాసింది.

"లేదండీ. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. నేను మాటిచ్చి తప్పానని వాళ్లు అనుకుంటున్నారు. అది భరించలేకపోతున్నాను."

సీతాబాయి ఆ ప్రశ్న వదిలేసింది. తర్వాత, ఇంట్లోది కాకుండా ఇంకే కంప్యూటర్‌లోనైనా నీ ఖాతా తెరిచినవా బిడ్డా అని రాసింది. మౌనికకు గుర్తొచ్చింది. పరీక్ష మొదలైన రోజు ఆఫీసుకు వచ్చి నాలుగో మీటింగ్ గదిలోని కంప్యూటర్‌లో తెరిచింది, అక్షరాలు సరిగా వస్తున్నాయో లేదో చూడటానికి. తిరిగి మూశావా అంటే, మూశాననే అనుకున్నానని జవాబు వచ్చింది.

ఆరని పచ్చచుక్క సంగతి అక్కడితో తేలింది. వెంటనే ఆ గదికి పరిగెడదామని నేను లేచాను. సీతాబాయి లేవలేదు. కాగితం మీద నాలుగు రోజులు, నాలుగు సమయాలు రాసుకుని చూస్తోంది. చూసి చూసి కిసుక్కున నవ్వింది.

"సీనూ, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాక ఏముంటది?"

"రాహుకాలం," అన్నాను ఆలోచించకుండానే.

"బుధవారం?"

పన్నెండు నుంచి ఒకటిన్నర. గురువారం ఒకటిన్నర నుంచి మూడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. చెబుతుంటేనే నాకు అర్థమైంది. నాలుగు సందేశాలూ రాహుకాలం వెళ్లిన మరుక్షణం బయల్దేరాయి.

ట్రంక్ కాల్స్ రోజుల్లో ఎక్స్ఛేంజిలో గడియారం అక్కర్లేకుండేదని సీతాబాయి చెప్పింది. శుక్రవారం పదిన్నర కాగానే కాల్స్ కలిపే బోర్డు చల్లబడేదట. పన్నెండు దాటిందో లేదో దీపాలన్నీ ఒక్కసారి వెలిగేవట. పెళ్లి మాటలు, స్థలాల బేరాలు, కొత్త వ్యాపారాలు, అన్నీ ఆ నిమిషంలోనే. ఆదర్శ్ లెక్కలో నాలుగూ నాలుగు వేర్వేరు సమయాలు. ముప్పై నాలుగేళ్లు బోర్డు ముందు కూర్చున్న మనిషికి అవి నాలుగూ ఒకటే. అంతటి కంప్యూటర్ పట్టుకోలేనిది ఈమె కాగితం ముక్క మీద పట్టుకుంది, అదే నేను ఆమె దగ్గర పనిచేయడానికి కారణం.

"నువ్వు నమ్ముతవా?" అని అడిగింది నన్ను.

నమ్మనన్నాను. మరి కారు ఎప్పుడు కొన్నావని అడిగింది. రాహుకాలం వెళ్లాకేనని ఒప్పుకున్నాను. నమ్మకమేమీ లేదు, ఎందుకొచ్చిన గొడవ అని.

ఆఫీసులో రాహుకాలం పేరెత్తితే అందరూ ఒక్క మనిషినే చూపించారు. ఆపరేషన్స్ చూసే హేమంత్. ప్రొద్దుటూరు మనిషి. ఎంత పెద్ద ఆసుపత్రి తొందరపెట్టినా రాహుకాలంలో కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చెయ్యడట. దొంగ దొరికాడనుకున్నాను. సీతాబాయి నేరుగా అతని బల్ల దగ్గరికే వెళ్లి నాలుగు సమయాల కాగితం ముందు పెట్టింది. అతను ఫోన్‌లో పంచాంగం తీసి, ఆ నాలుగు రోజులూ వెతికి, మమ్మల్ని జాలిగా చూశాడు.

"ఇవన్నీ రాహుకాలంలోనే ఉండాయి మేడమ్. క్యాలెండర్ మీద అచ్చేసే లెక్క ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికే మునిగితే సరిపోతాది. పొద్దు రోజుకో రకంగా పొడుస్తాది, మునుగుతాది కదా. ఆగస్టులో మంగళవారం ఐదు దాకా రాహుకాలమే. నమ్మినోడు ఎవడైనా నాలుగున్నరకు మంచిపని మొదులుపెడతాడా?"

"దొంగపని?"

"దొంగపని అసలే పెట్టడు."

అతను 'చావడి'లో పెట్టిన విడుదల ప్రకటనలు నేను వెతికి చూశాను. మంగళవారాలు ఐదూ పది, శుక్రవారాలు పన్నెండూ ఇరవై అయిదు. పంచాంగం చూసే మనిషి పద్ధతి అది. సందేశాలు పంపినవాడికి చిన్నప్పుడు ఇంట్లో విని బట్టీపట్టిన లెక్క మాత్రమే తెలుసు. నాకు తెలిసిన లెక్కే అది. అంటే మేం వెతకాల్సింది నమ్మినవాడిని కాదని, నాలాంటివాడినని నాకర్థమైంది.

మేం వెళ్లబోతుంటే హేమంత్ ఇంకో మాట అన్నాడు. "ఈ పొద్దు మీటింగు కూడా అంతే మేడమ్. మూడున్నరకు పెట్టుకుందాం అంటే ఇన్లేదు. రాహుకాలం మూడుతో అయిపోతుంది కదండీ అన్నాడు ఆదర్శ్ సారు."

సీతాబాయి నా వైపు చూడలేదు. గబగబా నడిచింది.

రెండూ ముప్పై ఎనిమిదికి నాలుగో మీటింగ్ గదిలో ఉన్నాం. చిన్న గది. ఏసీ నుంచి నీళ్లు కారి బకెట్‌లో పడుతున్నాయి. గోడకు తెర, బల్ల మీద కీబోర్డు. గది ఊడ్చే భూలక్ష్మి అక్కడే ఉంది. ఆమెది ఈ ఊరే, ఈ అద్దాల మేడలు రాకముందు నుంచీ ఇక్కడే ఉంటోంది. ఇందులో ఎవరు కూర్చుంటారని సీతాబాయి అడిగింది.

"ఎవ్వలు కూసోరమ్మా, నీళ్లు కారుతయని. ఆదర్శ్ సారొక్కడే వస్తడు, కంప్యూటర్ సూస్తనని."

"ఇయ్యాల వచ్చిండా?"

"వచ్చిండు. పదకొండుంబావుకు చాయ్‌లు పోసి, ఇటు బకెట్ పారబోద్దామని వస్తే, జర ఆగి రమ్మన్నడు."

కీబోర్డు తాకగానే తెర మేలుకుంది. 'చావడి' తెరిచే ఉంది, పైన మౌనిక పేరు. పక్కన 'పంపాల్సినవి' అనే చోట ఒకటి అనే అంకె కనిపించింది. నొక్కాను. ఐదో సందేశం. నూట నలభై మందికీ. రాసిన సమయం ఇవాళ పదకొండూ ఇరవై రెండు. వెళ్లాల్సిన సమయం మూడూ ఒకటి.

"మీ అభిప్రాయాలు పేర్లతో సహా బయటికి పంపింది నేనే. ఒత్తిడిలో చేశాను. ఈ రోజే రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఎవరూ నాకు ఫోన్ చేయవద్దు. మౌనిక."

 సీతాబాయి చివరి వాక్యం మీద వేలు పెట్టింది. "ఫోన్ చేయొద్దంట. ఈ పిల్లకు ఫోన్ ఎవరు చేస్తరు సీనూ?"

ఎవరూ చేయరు. ఆమెతో ఒక్కసారి పనిచేసిన వాళ్లెవరికైనా తెలుసు, ఆమెకు రాయాలి. ఆ సందేశం రాసినవాడు ఆమెతో ఒక్క రోజు కూడా మాట్లాడి ఉండడు.

ఫోన్ చేసి తేజస్వినిని పిలిచాం. ఆవిడ చదివి, రాసిన సమయం చూసింది. పదకొండు నుంచి పన్నెండు దాకా మౌనికను వీడియోలో ప్రశ్నించింది ఆవిడే. పదకొండూ ఇరవై రెండుకు ఆ అమ్మాయి చేతులు తెర మీదే కనిపిస్తున్నాయి, ఏడుస్తూ ముఖం కప్పుకుందట. ఆదర్శ్‌ను ఇక్కడికి ఎవరు పంపారని సీతాబాయి మెల్లగా అడిగింది.

"'వారధి' వాళ్లే. పరీక్ష మొదలైనప్పుడు మూడింటి భద్రతా చూస్తాడని, మంచి పనివాడని..." మౌనిక నివేదిక నమ్మరానిదైపోతే బాగుపడేదీ వాళ్లే.

సందేశాలను ముందే పెట్టి ఉంచడం ఎందుకో కూడా అప్పుడు తేలింది. అవి వెళ్లే నిమిషంలో అతను నలుగురి మధ్య, నలుగురికీ కనబడేలా ఉండాలి. తేజస్విని డైరీ తీసి చూసింది. ఆ నాలుగు సమయాల్లోనూ అతను ఆవిడ గదిలోనే కూర్చుని ఉన్నాడు. సమయం ఏదైనా పెట్టుకోవచ్చు, అంతా అతని చేతిలోనే ఉంది. చేతిలో ఉన్నప్పుడే అమ్మ చెప్పిన లెక్క గుర్తొస్తుంది. ఇవాళ కూడా ఆ లెక్క ప్రకారమే సమావేశాన్ని రెండు నుంచి మూడు దాటించాడు. అతనే మాకు ఆ గంట ఇచ్చాడు.

రెండూ యాభై మూడు. ఆ తెరను నాలుగు ఫొటోలు తీశాను, రెండు ప్రతులు ప్రింటు తీశాను. ఇక ఆ సందేశాన్ని తీసేయడమే తరువాయి. వేలు పెట్టబోతుంటే సీతాబాయి నా చేయి పట్టుకుంది.

"ఆమె పేరు మీద ఉన్నది. ఆమెను అడుగు."

'పలక' తెరిచి, ఫొటో పెట్టి, సీతాబాయి ఒంటివేలితో కొట్టింది. ఇది నువ్వు రాయలేదని మాకు తెలిసింది బిడ్డా, తీసెయ్యమంటవా, అని.  రెండూ యాభై నాలుగు. పేజీ మీద గీత మినుకుమంటోంది. రెండూ యాభై అయిదు.

"వద్దండీ. అది నా ఖాతా. సమయం అలాగే ఉండనివ్వండి. మాటలు నేను రాస్తాను."

ఆ అమ్మాయి ఎదురుగా ఉంటే చేతులు పట్టుకునేవాణ్ని.

బోర్డు గదిలోకి వెళ్లేసరికి రెండూ యాభై తొమ్మిది. తేజస్విని, ఇద్దరు డైరెక్టర్లు, ఒక మూల హేమంత్. ఆదర్శ్ లాప్‌టాప్ గోడ తెరకు కలిపి ఉంది. తీర్మానం పెద్ద అక్షరాల్లో వెలుగుతోంది. మమ్మల్ని చూసి కుర్చీలు చూపించాడు. ఒకసారి చేతి గడియారం చూసుకున్నాడు, ఫోన్ బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు.

మూడూ ఒకటికి గదిలోని ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి.

గోడ తెర మీద, తీర్మానం మూలన, మౌనిక పేరుతో సందేశం వచ్చింది. ఆదర్శ్ తలెత్తకుండానే, ఇది మీరంతా చదవాలండి అన్నాడు. తేజస్విని తన ఫోన్ తీసి పైకి చదివింది.

"మీ పేర్లు బయటికి వెళ్లాయి. పంపింది నేను కాదు. కానీ నాలుగో మీటింగ్ గదిలో నా ఖాతా మూయకుండా వచ్చింది నేనే. ఆ తప్పు నాది, మన్నించండి. ఈ నిమిషానికి నా పేరుతో మీకు వేరే ఉత్తరం రావాల్సింది. పదకొండూ ఇరవై రెండుకు ఆ గదిలో కూర్చుని ఒకరు రాశారు. అది కింద పెట్టాను, చదవండి. నేను రాజీనామా చేయడం లేదు."

ఆదర్శ్ ఫోన్ తిప్పాడు, చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు. చొక్కా మాత్రం నలగలేదు, ముఖం నలిగింది.

"పదకొండుంబావుకు నాలుగో గదిల ఏం చేసినవు బాబూ?" అంది సీతాబాయి.

ఆ గది మొహమే చూడలేదన్నాడు. భూలక్ష్మి బయటే ఉంది పిలవమంటవా అని ఆమె అడిగింది.  మీటింగు రెండు నుంచి మూడుకు ఎందుకు మార్చినవని కూడా అడిగింది.

"రిపోర్టు కోసమండి."

"రిపోర్టు ఒకటీ ఇరవైకే అయిపోయింది. మా ముందే తేజస్వినికి నువ్వే చెప్పినవు."

హేమంత్‌కు అప్పుడు అర్థమైంది. తలకొట్టుకుని, లెక్కైనా సరిగ్గా నేర్చుకోకపోతివే అన్నాడు, నిజంగానే బాధగా.

ఆదర్శ్ లేచి లాప్‌టాప్ తీగ పీకబోయాడు. సరిగ్గా అప్పుడే గోడ తెర మూలన ఇంకో సందేశం వచ్చింది. నిజామాబాద్ నుంచి కళ్యాణి. ఒక్క రోజులో ఆరు ఫోన్లు భరించి, నాలుగు రోజులుగా మౌనికను అందరి ముందూ తిడుతున్న మనిషి.

"మౌనికా, నిన్ను తిట్టినందుకు సిగ్గుగా ఉంది. నా మాట దొంగచాటుగా వెళ్లింది కదా, ఇప్పుడు నేనే పంపుతున్నా. 'వారధి' మీటింగుల్లో ఆరు వారాలు నాకు మాట్లాడే సందు దొరకలేదు. 'పలక'లో దొరికింది. ఇది రాసింది కళ్యాణి. ఫోన్ చేసేవాళ్లు చేసుకోవచ్చు."

దాని కింద ఆసిఫాబాద్ కుర్రాడు రాశాడు, తన పేరు, తన ఊరు, తెగిపోయిన నెట్ సంగతి. ఆ తర్వాత చంటిబిడ్డ తల్లి. పేర్లు దాచిపెడతానని మాటిచ్చిన అమ్మాయి కోసం వాళ్లు తమ పేర్లు తామే పెట్టి రాస్తున్నారు. ఒకటి చదివేలోపు ఇంకొకటి వస్తోంది. నాకు కళ్లు మసకబారి అక్షరాలు కనిపించలేదు, సీతాబాయి కళ్లజోడు లాక్కుని పెట్టుకున్నాను.

ఆదర్శ్ చేయి ఇంకా తీగ మీదే ఉంది.

"దాన్ని వదిలెయ్యండి," అంది తేజస్విని, టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెడుతూ. "అందరివీ చదవాలి."